మగ్గం ఆగిన చోటు

మొన్న మా మేనకోడలు తన పరిశోధన కాగితాలు పట్టుకుని నల్లగొండలో మా ఇంటికి వచ్చి, ఫోన్లలో సీరియళ్లు చూసేవాళ్లు ఎక్కడెక్కడ మధ్యలో ఆపారో గీసిన పట్టిక నా ముందు పరిచి, ఆపిన ప్రతిచోటా వాళ్లకు ఆసక్తి తగ్గినట్టేనని ధీమాగా చెబుతుంటే నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు, నా మీద నాకే.

తెలంగాణ వచ్చిన కొత్తలో, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే, రిటైరయ్యేలోగా డాక్టరేటు తెచ్చుకోవాలని టీవీ ప్రేక్షకుల మీద పరిశోధనకు దిగాను. మా గైడు గారికి రేటింగులుంటే చాలు, నాకేమో ఇళ్లలో కూర్చుని చూడాలని పట్టుదల. అందుకని భువనగిరి దగ్గర మగ్గం నేసే మా మేనత్త ఇంట్లో, సాయంత్రం సీరియల్ వేళకు గోడవారగా చాప వేసుకుని, మగ్గం చప్పుడు ఆగినప్పుడల్లా తెరమీద ఏం జరుగుతోందో రాసుకునేవాణ్ణి. చప్పుడు ఆగిందంటే అత్త కథలో మునిగిపోయిందని నా సిద్ధాంతం. ఆ వయసులో సొంత సిద్ధాంతం ఒకటి దొరికితే మనిషి ఎంత మురిసిపోతాడో నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏడాది తిరిగేసరికి అధ్యాయం పూర్తిచేసి, ముందుగా ఆమెకే చదివి వినిపించాను.

"గదేంది అల్లుడా! పోగు తెగితె అతుకేస్కోవాలె గదా, గందుకు ఆపుత. సీరియల్ కోసం ఎవలన్న మగ్గం ఆపుతరా? కథ మంచిగున్నప్పుడే నా చెయ్యి జోరుగ ఆడుతది" అని పకపకా నవ్వింది.

నేతవాళ్ల ఇంట్లో పుట్టి, చదువు పేరుతో మగ్గం కింద కాళ్లాడించే గుంటలోకి ఒక్కనాడూ దిగని నాకు ఆ ముక్క తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాట పట్టుకుని మళ్లీ మొదలుపెడతానంటే గైడు గారు వినలేదు. ఇకమీదట అందరూ ఫోన్లలోనే చూస్తారు, లెక్కలు వాటంతటవే వస్తాయి, ఈ ఇళ్ల గొడవ ఎందుకని చేతులు దులుపుకున్నారు. పదవీ విరమణ వచ్చింది, డాక్టరేటు రాలేదు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

ఇప్పుడు అత్త కూడా టీవీని అటకెక్కించి, మగ్గానికి ఫోను ఆనించుకుని చూస్తోంది. మేనకోడలు లెక్కలు తీసుకున్న ఫోన్లలో ఆమెదీ ఒకటని తెలిసి, సీరియల్ మధ్యలో ఎందుకు ఆపుతావని అక్కడికక్కడే ఫోన్ చేసి అడిగాను. పోగు తెగితే మగ్గంతో పాటు సీరియల్‌నూ ఆపుతుందట, అతుకేసేలోపు ఒక్క మాట కూడా పోకూడదని!

"గంతమంది లెక్కల ఒక్క అవ్వ మాట ఏడ కనిపిస్తది మామా? మా సారు ఒప్పుకోడు" అని మేనకోడలు కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది.

నేను తప్పు రాసిన రోజుల్లో, ఆ రాత ఎవరి గురించో ఆ మనిషి నా ఎదురుగానే ఉండేది. విని నవ్వింది, నా తప్పు నాకు తెలిసింది. ఈ పట్టికను మాత్రం అత్తకు ఎవరూ చదివి వినిపించరు.