ప్రతి మాటా రెండుసార్లు చెప్పిన మైకు తాత

నిన్న స్టేటస్‌లో ఆ నల్ల ఫోటో ఒక్కటే పెట్టి ఆపేశాను. ఏమైందే, ఎవరే అని అందరూ అడిగారు. టైప్ చేయడానికి చేతులు రాలేదు.

మైకు తాత పోయాడు.

మా షబానా వాళ్ళ తాత. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాకా, ఆటోకి మైకు కట్టుకుని ఊరూరా పరుపుల సేల్ లాంటి అనౌన్స్‌మెంట్లు చెప్పిన మనిషి. మీరంతా ఆ గొంతు వినే ఉంటారు. మనిషిని చూసి ఉండరు.

నిన్న పొద్దున మా వీధి మసీదు మైకులో చెప్పారట. ఒక్కసారి చెప్పగానే కరెంటు పోయింది.

నేను బాత్రూంలో కొళాయి తిప్పుకుని ఉన్నాను. ఏదో అన్నారని తెలుసు. ఎవరి గురించో వినపడలేదు.

స్కూల్‌కి వెళ్ళిపోయాను. షబానా రాలేదు. జ్వరమేమో అనుకున్నా.

సాయంత్రం నాన్న బీరువాలోంచి ఫోన్ తీసి ఇచ్చాక, షబానా స్టేటస్‌లో చూశాను. అప్పటికే ఆళ్లగడ్డ తీసుకెళ్ళి మట్టి కూడా ఇచ్చేశారు.

రెండోసారి చెప్పి ఉంటే వినేదాన్ని.

పోయినేడు మేం ముగ్గురం కలిసి ఒక ఆడియో ఛానెల్ పెట్టాం. పాత ఇంగ్లీష్ సైన్స్ ఫిక్షన్ కథలు నేను తెలుగులో రాసేదాన్ని. తాత చదివేవాడు. షబానా రికార్డ్ చేసేది. మా ఇంట్లో మాత్రం మ్యాథ్స్ డౌట్స్ కోసం షబానా వాళ్ళింటికి అని చెప్పేదాన్ని.

ఆ కథలు నేను మొదట ఇంగ్లీష్ ఆడియోబుక్స్‌లోనే విన్నాను. చాలా నీట్‌గా చదువుతారు. దుప్పటి కప్పుకుని చదివినట్టు. చంద్రుడి మీద మనుషులు చచ్చిపోతున్నా అదే టోన్. ఒక కథ మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ నిద్రపోయాను.

తాత చదివిన మొదటి కథ కూడా అదే. చంద్రుడి మీద ఒకణ్ణి వదిలేసి ఓడ బయల్దేరుతుంది. నేను రాసింది ఒక్క లైన్.

తాత చదివాడు. "ఓడ పోయింది."

ఆగాడు. గొంతు ఇంకాస్త దూరం నుంచి వస్తున్నట్టు చేసుకున్నాడు.

"ఓడ... పోయింది."

పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న షబానా వాళ్ళ నాన్నమ్మ చెయ్యి ఆగిపోయింది.

"అయ్యో, వాణ్ణి ఆడనే ఇడ్సిపెట్టి పోయినారా? వానెమ్మకి ఎవురు చెప్తారు?"

నేను నిద్రపోయిన కథేనా ఇది?

రెండుసార్లు ఎందుకు చెప్తావని తాతని అడిగాను.

"ఆటో పోతాంటాది గదా పాపా. వాకిట్లో ఉండే ఆడమనిషికి మొదటిసారి చెవిన పడ్తాది, ఏందబ్బా అని తలెత్తుతాది. రెండోసారికి గానీ మనసున పడదు."

తర్వాత ఎవరో మా క్లాస్ గ్రూప్‌లో ఆ క్లిప్ పెట్టారు.

"ఏందప్పా ఇది, చంద్రుని మీద పరుపుల సేలా?"

"శిరివెళ్ల స్పేస్ సెంటర్ అంట రా!"

అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. నాకు సిగ్గేసింది. ఆ కథ రాసింది నేనని తెలిస్తే నన్నూ ఇట్లాగే అంటారని భయమేసింది.

అక్కడితో ఆగలేదు. పేరు లేని ఐడీ ఒకటి చేసి, మా ఛానెల్ కింద కామెంట్ పెట్టాను.

"ఒక్కసారి చెప్తే అర్థమవుతుంది అంకుల్. ఇది పరుపుల సేల్ కాదు. నార్మల్‌గా చదవండి."

ఆ ఐడీ నాది. ఈ రోజు వరకు ఎవరికీ తెలీదు.

తాత ఆ కామెంట్ తీసుకొచ్చి నాకే చదివి వినిపించాడు. కళ్ళజోడు పైకి తోసుకుని.

"ఎవురో సదువుకున్నోళ్ళు చెప్పినారు పాపా. నిజమే గదా? ఏమంటావ్?"

"అవును తాతా" అన్నాను.

ముందు చదివిన మూడు కథలూ తీసేయమన్నాడు. తప్పుగా చదివినవి ఎందుకు పాపా, అన్నాడు. డిలీట్ నొక్కింది కూడా నేనే.

తర్వాత ఎనిమిది కథలు చదివాడు. ప్రతి లైనూ ఒక్కసారే. నీట్‌గా. దుప్పటి కప్పుకున్నట్టు. మర్చిపోకుండా ప్రతి పేజీ పైన పెన్సిల్‌తో రాసుకునేవాడు, "ఒక్కసారే" అని.

ఆఖరి కథలో సూర్యుడు ఆరిపోతాడు. అది చదువుతుంటే నాన్నమ్మ లేచి, పాలు పొంగుతాయని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తాత ఆమె వెళ్ళడం చూశాడు. మళ్ళీ పేజీలోకి చూసుకుని చదవడం పూర్తి చేశాడు.

నిన్నటి నుంచి క్లాస్ గ్రూప్‌లో ఏడుపు బొమ్మలు. లెజెండ్ అట. గోల్డెన్ వాయిస్ అట. నవ్వే బొమ్మలు పెట్టింది కూడా ఆ వేళ్ళే.

పెట్టండి. ఇంకా పెట్టండి.

ఈ రోజు పొద్దున మా వీధిలోకి పరుపుల ఆటో వచ్చింది. పాత రికార్డింగ్. తాత గొంతే.

"రెండు రోజులే. రెండు... రోజులే."

వాకిట్లో ముగ్గేస్తున్న మా అమ్మ తలెత్తింది. రెండోసారికి ఆమె చెయ్యి ఆగింది.

పరుపులు అమ్ముకునేవాళ్ళు ఆ గొంతును దాచుకున్నారు. కథల్లో అది లేకుండా చేసింది నేను.

షబానా, ఈ పోస్ట్ చూసేవాళ్ళ లిస్ట్‌లో నువ్వు కూడా ఉన్నావు. నీ పేరు తీసేశాను. మళ్ళీ పెట్టాను. నువ్వు ఇక నాతో మాట్లాడవని భయంగా ఉంది. అయినా పెట్టాను.

తాత చదివిన ఆ ఎనిమిది కథల పేజీలన్నీ నా మంచం మీదే పరుచుకుని ఉన్నా—

తలుపు కొడుతున్నారు. అమ్మ.

"ఏమే, తలుపు తీ. షబానా వచ్చిండాది. వాళ్ళ తాత సదివిన కాగితాలు నీ కాడ ఉండాయంట గదా, వాళ్ళ నాన్నమ్మ తెమ్మనిందంట. ఏం కాగితాలే అవి?"

అన్నీ పరుపు కిందకి తోసేశాను. ప్రతి దాని మీదా "ఒక్కసారే" అని ఉంది. ఎట్లా ఇవ్వాలి?

ముందు ఇది పోస్ట్ చేస్తాను. తర్వాత తలుపు తీస్తాను.

ప్రశాంతంగా పడుకో తాతా.

ప్రశాంతంగా... పడుకో తాతా.