మామ్మ ఎండబెట్టిన రాక్షసిబొగ్గు

రేపు ఆదివారం కౌలాలంపూర్‌లో మన తెలుగువాళ్ల సభ ఉంది. పిల్లల చేత తెలుగులో మాట్లాడిస్తారట, ఆంధ్రా నుంచి వచ్చిన పెద్దలు ముందు వరసలో కూర్చుని వింటారట. మా మనవరాలి పేరు కూడా ఇచ్చేశారు. మా కోడలు అరవం మాట్లాడే ఇంట్లో పెరిగిన పిల్ల, మనసు మంచిది. పోయిన వారం బ్రిక్‌ఫీల్డ్స్ బజారు నుంచి మల్లెపూలూ మురుకులూ తెచ్చి నా ముందు పెట్టి, ఒక పేజీ మంచి తెలుగు రాసివ్వమని, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పిల్లకు బట్టీ పట్టిస్తానని అడిగింది. లంచం పుచ్చుకున్నాక కాదనడమెలా? తేనె, అమృతం, తల్లిపాలు ఏదీ వదలకుండా ఒక పేజీ రాసిచ్చాను. ఒక్క మాటకూ అర్థం తెలియకుండా ఆ పిల్ల హాల్లో అటూ ఇటూ తిరుగుతూ దాన్ని గడగడా అప్పజెబుతుంటే, ఉన్నట్టుండి నాకు మా మామ్మ చాప మీద ఆరబోసిన బొగ్గు గుర్తొచ్చింది.

నేను పుట్టింది బాతు అరాంగ్‌లో. మలయ్‌లో ఆ పేరుకు బొగ్గురాయి అనే అర్థం. మన పెద్దలు మాత్రం దాన్ని రాక్షసిబొగ్గు అనేవారు, పొయ్యిలో మిగిలే కట్టెబొగ్గు వేరు, ఇది వేరు అని. దొరల కాలం ఇంకా పోలేదు. గని దొరలదే, మేముండే లైను ఇళ్లూ దొరలవే, ఆఖరికి మా వీధి కొళాయి నీళ్లూ వాళ్లవే. మీలో ఆ రోజులు ఎరిగినవాళ్లుంటే, ఉతికి ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఏ రంగులో ఇంటికి చేరేదో నేను చెప్పక్కర్లేదు.

మా అయ్య గనిలోకి దిగేవాడు కాదు. పైన శాంపిల్ షెడ్డులో పని. బొగ్గు నిండిన వ్యాగన్ వస్తే, మీద కొంత, మధ్యలో కొంత, అడుగున కొంత పారతో తీసి, సుత్తితో చితగ్గొట్టి కుప్ప పోసేవాడు. ఆ కుప్పను రొట్టెలా చదును చేసి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు పాళ్లు తీసి పారేసి, మిగిలిన రెండూ కలిపి మళ్లీ కుప్ప, మళ్లీ నాలుగు పాళ్లు. అలా తగ్గించుకుంటూ పోతే వ్యాగన్ మొత్తానికీ ఒక డబ్బాడు బొగ్గు మిగిలేది. గాలి చొరకుండా మూత పెట్టి, లక్కతో సీలు వేసి పట్నం పంపితే, అక్కడ వేడిచేసి నీరెంత పోయిందో, కాల్చి బూడిదెంత మిగిలిందో, వేడెంత ఇచ్చిందో చూసేవారు. తీసేటప్పుడు చెయ్యి ఏరకూడదు, అదొక్కటే నియమమని అయ్య చెప్పేవాడు. రాయి వస్తే రాయి, మట్టి వస్తే మట్టి.

ఇంతలో రైళ్లు బొగ్గు మానేసి నూనెతో నడుస్తాయనే మాట లైన్లలో పొక్కింది. ఆఖరుసారిగా రైల్వేవాళ్లు మన బొగ్గును పరీక్షించి చూస్తారట, నాసిరకమని తేలితే కొనరట. కొనకపోతే గని లేదు, గని లేకపోతే మా ఇల్లు లేదు. నీళ్లు పట్టుకోవడానికి వెళ్లిన అమ్మతో ప్రతివాళ్లూ ఇదే గొడవ, మెరిసే ముక్కలు నాలుగు ఏరి డబ్బాలో వెయ్యమని మీ ఆయనకు చెప్పమ్మా అని. షెడ్డులో వదిలితే ఎవరైనా చెయ్యి పెడతారని భయపడి, ఆ శనివారం అయ్య ఇంకా సీలు వెయ్యని డబ్బాను ఇంటికే తెచ్చి మంచం కింద దాచాడు. సోమవారం ఆఫీసు తెరిచాక లక్క వేయించాలని ఆయన ఆలోచన. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

మా మామ్మ, అంటే అయ్య తల్లి, చిన్నతనంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి, గనిలో బొగ్గులోంచి రాళ్లు ఏరే పని చేసేది. బియ్యంలో రాయి, బొగ్గులో రాయి ఆవిడకు ఒక్కటే, కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఆదివారం అయ్య పక్క ఎస్టేటులో పెళ్లికి వెళ్లగానే డబ్బా ఇవతలికి లాగి, రాళ్లన్నీ ఏరేసి, బొగ్గును రెండు నీళ్లు పోసి కడిగి, వడియాల చాప మీద ఎండబెట్టింది. వాన ముసురుతోందా అని రోజంతా ఆకాశం చూస్తూ కాపలా కూర్చుంది. సాయంత్రం డబ్బాలోకి ఎత్తి, పైన ఇంత పసుపు, ఇంత కుంకం బొట్టు కూడా పెట్టింది.

అయ్య వచ్చి డబ్బాలో చెయ్యి పెట్టి, ఒక ముక్క తీసి వెలుతురులో తిప్పి చూశాడు. మామ్మకు ఆయన మొహం అర్థం కాలేదు.

“ఏట్రా అలా సూస్తావు? పెళ్లిచూపులకి పిల్లని మొగం కడక్కుండా ఎవులైనా పంపుతారేటి?”

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, దీన్ని పంపితే ఏమవుతుందని మెల్లగా అడిగింది. అయ్య అబద్ధమాడలేదు. రాయి పోయింది గనక బూడిద తగ్గుతుంది, నీరు ఆరింది గనక వేడి పెరుగుతుంది, పరీక్ష బ్రహ్మాండంగా తేలుతుంది అన్నాడు. నాకు పదేళ్లుంటాయేమో, పంపేస్తే బాగుండునని మనసారా మొక్కుకున్నాను.

అయ్య ఆ బొగ్గును తీసుకెళ్లి మా పొయ్యి పక్కన కుమ్మరించాడు. మామ్మ ఏడ్చినంత పని చేసింది.

“ఒక్క ఎండరా! అందరం బతుకుతాం. ఒక్క ఎండ తగిల్తే ఏటి పోనాది?”

“రేపు ఆళ్ల ఇంజిన్లోకెల్లే బొగ్గుని ఎవులు ఎండెడతారమ్మా?” అన్నాడు అయ్య. అంతే. మర్నాడు పొద్దున్నే వెళ్లి కొత్త శాంపిల్ తీసి, అక్కడే కూర్చుని సీలు వేయించి పంపాడు.

పరీక్షలో ఏం తేలిందో మాకెవరూ చెప్పలేదు. కొన్నేళ్లకు రైళ్లు నూనెకు మారాయి, గని మూతపడింది, లైన్లు ఖాళీ అయ్యాయి. మేము కౌలా సెలంగోర్ దగ్గర ఒక తోటకు చేరాం. ఆ ఒక్క ఎండ తగిలి ఉంటేనా అని మామ్మ పోయేదాకా అంటూనే ఉంది, అయ్య ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. నా మట్టుకు నేను చాలా ఏళ్లు మామ్మ పక్షమే. ఇల్లు పోయిన పిల్లకు నీతి రుచించదు.

ఈ వయసులో పక్షం మారాను. ఇందాక మనవరాల్ని పిలిచి, ఆ కాగితం తీసుకుని మడిచి పెట్టేసి, నీకు వచ్చిందే చెప్పు అన్నాను. పిల్ల కాసేపు గోళ్లు గిల్లుకుంది.

“నాను ఇక్కడే పుట్టినాను. మా మామ్మ తెలుగు మాటాడతాది. నాకు అర్థం అవుతాది, మాటాడితే కొంచెం సూసా లా.”

దాని మామ్మనంటే నేనే. సూసా అంటే మలయ్‌లో కష్టం, లా అనేది ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ఊతపదం. కోడలు కంగారుగా నా వైపు చూసింది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. మా మామ్మ ఓడలో తెచ్చింది వ్యాగనెడు తెలుగు. అయ్య దగ్గర సగమైంది, నా దగ్గర అందులో సగమైంది, నా కొడుకు అరవంతో కలిపి నెట్టుకొచ్చాడు. పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఒక గుప్పెడు మిగిలింది.

రేపు ఆ పెద్దలు ఈ గుప్పెడు చూసే మా వ్యాగన్ మొత్తాన్ని అంచనా కడతారు. కట్టనీ. నీరెంతో బూడిదెంతో ఎలాగూ తేలుతుంది, ఎంతో కొంత వేడి కూడా తేలకపోదు.