లైన్‌మన్ మేనత్త

మా వదిన పోయిన సంగతి నాకు మా అబ్బాయి చెప్పాడు. హాలిఫాక్స్ ఆసుపత్రి వాళ్ళు ముందుగా ఫోన్ చేసింది వాడికే. ఆవిడ సొంత తమ్ముడు, అంటే మా ఆయన, కేంబ్రిడ్జ్‌లో ఇంట్లోనే ఉన్నారు. అయినా ఎక్కడో కెనడా పడమటి మైదానాల్లో, ప్రెయిరీల్లో, ప్రాక్టీసుకు బూట్లు కట్టుకుంటున్న మేనల్లుడికి ఫోన్ వెళ్ళింది. అవసరమైతే ఎవరికి కబురు చేయాలని అడిగితే ఆవిడ వాడి పేరే చెప్పి ఉంచిందట.

"అమ్మా, అత్త పోయింది. పొద్దున స్ట్రోక్ వచ్చిందంట. నాన్నకి నువ్వు చెప్పు. నా వల్ల కాదు," అన్నాడు.

నేనే చెప్పాను. మా ఆయన టీవీ కట్టేసి కళ్ళు తుడుచుకున్నారు. ఏడుపు నాకూ వచ్చింది. కానీ దానికంటే ముందు, వాడికే ఎందుకు ముందు తెలియాలి అన్న ఆలోచన వచ్చింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆవిడంటే నాకు అసూయే. పోయిన కబురుతో అది కూడా పోతుందనుకున్నాను. పోలేదు.

మన తెలుగు సంఘం పత్రికకు ఆవిడ గురించి రాయమన్నప్పుడు, ఆవిడను డాక్టరుగా ఎరిగినవాళ్ళెవరైనా రాస్తే బాగుంటుందన్నాను. లేదు, ఇంటిమనిషే రాయాలన్నారు. కాబట్టి నాకు తెలిసిన మనిషి గురించే రాస్తున్నాను.

మా వదిన మత్తు డాక్టరు. తెనాలి పిల్ల. ఈ దేశంలో కరివేపాకు దొరకని రోజుల్లో వచ్చి, హాలిఫాక్స్‌లోనే ఉద్యోగం చేసి, అక్కడే రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మా అత్తగారికే ఉండేది కాదు. ఉద్యోగం మానినా ఆ అలవాట్లు మానలేదు. ఆవిడ ఇంట్లో ఎవరైనా మధ్యాహ్నం నడుం వాలిస్తే, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది. వాళ్ళు లేచేదాకా కదిలేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఆ ఇంట్లో నేను నిద్రలేచి, కళ్ళజోడులోంచి నన్నే చూస్తున్న ఆడపడుచును చూసి హడలిపోయాను. "బాగా పడుకున్నావమ్మా," అని లేచి టీ పెట్టడానికి వెళ్ళింది.

ఇక మా అబ్బాయి సుహాస్. వాడు చిన్నప్పటి నుంచీ ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. హైస్కూల్లో వరండాలో నడిచి వెళుతున్నవాణ్ణి చూసి కోచ్ ఫుట్‌బాల్‌లోకి లాగాడు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఆట కాదు. బంతి విసిరే కుర్రాడి ముందు ఐదుగురు గోడ కట్టినట్టు నిలబడతారు. అవతలి జట్టువాళ్ళు ఆ కుర్రాడి మీద పడకుండా ఆపడమే వాళ్ళ పని. బంతి వాళ్ళ దగ్గరికి రానే రాదు. మైకులో వాళ్ళ పేరు వినపడిందంటే ఏదో తప్పు చేశారని అర్థం. మావాడు ఆ ఐదుగురిలో ఒకడు. వాళ్ళను లైన్‌మన్ అంటారు.

ఆ మాట విని మా చినమామగారు తెనాలి నుంచి ఫోన్ చేశారు. ఇంజనీరింగ్‌లో చేరాల్సినవాడు కరెంటు స్తంభాలు ఎక్కడం ఏమిటని ఆయన బాధ. ఆయనకు ఓపిగ్గా విడమరిచి చెప్పింది వదినే. "వాడు స్తంభం ఎక్కడు బాబాయ్. వాడే స్తంభం," అందట. ఆ మాట తెనాలి అంతా తిరిగి నా దగ్గరికి వచ్చింది. ఆ మాట నాకు ఎందుకు తట్టలేదా అనుకున్నాను.

వాడికి హాలిఫాక్స్ యూనివర్సిటీ జట్టులో చోటు దొరికింది. అత్త ఇల్లుండగా హాస్టల్ ఎందుకన్నారు మా ఆయన. నేనూ సరేనన్నాను. వేర్‌హౌస్‌లో షిఫ్టు సూపర్‌వైజర్‌ని నేను, తలుచుకున్నప్పుడల్లా వెళ్ళి చూసే వీలుండదు. ఇంట్లోవాళ్ళ దగ్గరే కదా ఉన్నాడని ధైర్యంగా ఉండేదాన్ని.

మా ఇంట్లో నేను తెలుగులో అడిగితే వాడు ఇంగ్లీషులో జవాబిచ్చేవాడు. ఇక్కడ పుట్టిన పిల్లలందరూ అంతే కదా అని సరిపెట్టుకున్నాను. మొదటి ఏడాది క్రిస్మస్ సెలవులకు వచ్చి భోజనాల దగ్గర, "అమ్మా, కాస్త మజ్జిగ పొయ్యవే, కడుపు చల్లగా ఉంటది," అన్నాడు. మా ఆయన చెంచా కింద పెట్టేశారు. ఆ పలుకు తెనాలిది. అందులోని వయసు మా వదినది. ఏం చేశారు వదినా అని ఫోన్లో అడిగితే, "ఏం చెయ్యలేదమ్మా, కబుర్లు చెప్పుకున్నాం," అంది. వాడితో నేనూ కబుర్లు చెప్పాను, పుట్టినప్పటి నుంచీ.

ఆటంటే ఏమిటో ఆవిడకు మొదట్లో ఏమీ తెలియదు. చలికి ఒక కుషను, వానకు ఒక రెయిన్‌కోటు, ఫ్లాస్కులో టీ పట్టుకుని ప్రతి ఆటకూ వెళ్ళేది. కొంతకాలానికి, మావాడు ముందు ఏ కాలు కదుపుతాడో, ఎదుటివాడు ఎడమకు తిరిగితే వీడి నడుము ఎంత కిందికి దిగాలో చెప్పగలిగేది. నేను వెళ్ళినప్పుడు బంతి ఎక్కడుందో వెతుక్కోవడంతోనే నాకు ఆట అయిపోయేది. ఒకసారి నా అవస్థ చూసి అంది:

"బంతిని చూడకమ్మా. దాని వెంట ఊరంతా ఉంటుంది. ఆపరేషన్ థియేటర్లోనూ అంతే, అందరూ సర్జన్ చేతిలో కత్తినే చూసేవాళ్ళు. పేషెంటు మొహం చూసేదాన్ని నేనొక్కదాన్నే."

వాడి ఆఖరి ఏడాది, అక్టోబరులో థాంక్స్‌గివింగ్ పండగ వారాంతంలో నేను వెళ్ళాను. ఆ ఏడాది వాడి మీద అందరికీ ఆశలుండేవి. ప్రొఫెషనల్ జట్లు వసంతంలో కాలేజీ కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. కెనడా జట్లలో కొందరైనా ఇక్కడివాళ్ళే ఆడాలన్న నియమం ఉంది కాబట్టి, ఇక్కడి లైన్‌మన్‌లకు గిరాకీ ఎక్కువ. మావాడు రెండో రౌండులోనే ఎంపికవుతాడని ఇంటర్నెట్‌లో రాసేవాళ్ళు. చేతులు పొట్టి, కాళ్ళు మాత్రం చురుకు అని రాసేవాళ్ళు. అవన్నీ నేను ఒక్కటీ వదలకుండా చదివేదాన్ని. వదిన వాటి జోలికే పోయేది కాదు. పేషెంటును చూడకుండా రిపోర్టు చదివే బాపతు అనేది వాళ్ళను.

ఆ రోజు సముద్రం మీది నుంచి గాలీ వానా కొడుతున్నాయి. ఆట సగం దాటాక వదిన టీ కప్పు పక్కన పెట్టింది.

"ఎడమ మోకాలు," అంది.

ఏమైందని అడిగాను. వాడు దాని మీద బరువు వేయడం లేదంది. నేను చూశాను. నా కంటికి వాడు మిగతా నలుగురిలాగే వంగి, లేచి, ఎదుటివాణ్ణి తోస్తున్నాడు. చివరిదాకా ఆడాడు కూడా. అయ్యాక, ఏం లేదు, కాస్త పట్టేసిందంతే అన్నాడు. జట్టు ట్రైనరూ అదే అన్నాడు. వదిన వాదించలేదు. ఇంటికి వచ్చాక తనకంటే ముందు వాణ్ణి మెట్లెక్కమని, కింద నిలబడి చూసింది. పాత స్నేహితులెవరికో ఫోన్ చేసి స్కాను తీయించింది. మోకాలి కీలులో గుజ్జు చిరిగింది. ఇంకొక ఆట ఆడి ఉంటే మోకాలే మిగిలేది కాదన్నాడు సర్జన్.

వాణ్ణి కన్నది నేను. అదే వానలో, పక్క సీట్లోనే కూర్చున్నాను. నాకు కనపడలేదు.

ఆపరేషన్ అయింది. ఇంటర్నెట్ రాతల్లో వాడి పేరు కిందికి జారి, తర్వాత కనపడకుండా పోయింది. చలికాలంలో నేను సెలవు పెట్టి మళ్ళీ హాలిఫాక్స్ వెళ్ళాను. వాడు సమ్మర్లలో పనిచేసిన కేంబ్రిడ్జ్ ఫ్యాక్టరీ వాళ్ళు ఇంజనీరు ఉద్యోగం ఇస్తామంటున్నారు. ఇంటికి అంత దగ్గర. ఆట మానేస్తే బాగుండునని నాకు ఆశ. వాడు ఫిజియోథెరపీకి వెళ్ళిన వేళ చూసుకుని వంటింట్లో వదిన దగ్గరికి వెళ్ళాను. కన్నకొడుక్కి ఒక మాట చెప్పించడానికి ఇంకొకరిని బతిమాలడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

"మీరొక్క మాట చెప్పండి వదినా. మీరు చెబితే వింటాడు."

ఆవిడ స్టవ్ తగ్గించింది. "నేను చెబితే మానేస్తాడమ్మా. అందుకే చెప్పను."

నాకు ఒళ్ళు మండింది. వాడి కాలు ఏమైపోయినా ఫర్వాలేదా అన్నాను.

"కాలు సంగతి రోజూ చెబుతూనే ఉన్నా. ఎంత వంచాలో, ఎక్కడ ఆపాలో. ఆట సంగతి నువ్వు చెప్పు. నువ్వైతే వాడు పోట్లాడతాడు. నాతో పోట్లాడడు, తలూపేస్తాడు. అలా తలూపి మానేస్తే రేపు వాడికి ఏం మిగులుతుంది?"

ఆ సాయంత్రం చెప్పాను. వాడు నిజంగానే పోట్లాడాడు. ఎన్నడూ లేనిది నా మీద గొంతు పెంచాడు. ఇన్నేళ్ళుగా పొద్దున్నే లేచింది ఫ్యాక్టరీలో కుర్చీ కోసం కాదన్నాడు. నేనూ తగ్గలేదు. ఇద్దరం అలిసిపోయాక సోఫాలో నా పక్కన కూలబడి, "ఒక్క స్ప్రింగ్ చూద్దాం మామ్. ఎవరూ తీసుకోకపోతే జాబ్‌లో చేరతా, ప్రామిస్," అన్నాడు. సరేనన్నాను. అప్పుడు వీధి తలుపు తీసుకుని వదిన లోపలికి వచ్చింది, ఎటో వెళ్ళి వచ్చినట్టు. బయట మంచు పడుతోంది. ఆవిడ బూట్లకు మాత్రం మంచు అంటలేదు. అంతసేపూ గుమ్మం బయట పంచ కిందే నిలబడిందన్నమాట.

మార్చిలో జట్ల వాళ్ళు కుర్రాళ్ళకు పెట్టే పరీక్షలకు వెళ్ళాడు. బరువులు బాగానే ఎత్తాడు. పరుగులో వెనకబడ్డాడు. మోకాలు నమ్మదగ్గది కాదని ఎవరో రాశారు. ఈసారి నేనూ చదవడం మానేశాను.

డ్రాఫ్ట్ రోజున మా ఇంట్లోనే అందరం చేరాం. వదిన హాలిఫాక్స్ నుంచి వచ్చింది. నాలుగు కుటుంబాల వాళ్ళను పిలిచాను, అది పొరపాటేమో అని తర్వాత అనిపించింది. రెండో రౌండు అయిపోయింది. మూడోది, నాలుగోదీ అయిపోయాయి. తెర మీద ఒక్కో పేరు వస్తుంటే గదిలో మాటలు తగ్గుతూ వచ్చాయి. బిరియానీ చల్లారింది. ఒక అంకుల్ వాడి భుజం తట్టి, ఇంజనీరు ఉద్యోగం చేతిలో ఉన్నవాడికి దిగులెందుకు అన్నారు. ఆ ఉద్యోగం కోరుకున్నదాన్ని నేనే, అయినా ఆ క్షణాన ఆ మాట అన్నందుకు ఆయన్ను బయటికి పంపించేయాలనిపించింది.

అప్పుడు వాడి ఫోన్ మోగింది. వాడు లేచి నిలబడి, "యెస్ సర్," "థాంక్యూ సర్," అన్నాడు. ఫోన్ పెట్టేసి, "ప్రెయిరీల జట్టు తీసుకుంది," అన్నాడు. దగ్గరున్నది నేనే. నన్ను కావలించుకున్నాడు. నా తల వాడి ఛాతీ దగ్గరికి వస్తుంది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నేను మొహమెత్తి చూస్తే, వాడి కళ్ళు నా తల మీదుగా గదంతా వెతుకుతున్నాయి.

ఆవిడ గదిలో లేదు. ఫోన్ మోగగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయిందని మా ఆయన తర్వాత చెప్పారు. కుళాయి తిప్పి గిన్నెలు కడుగుతోంది. ఆ గిన్నెలు నేను అంతకుముందే కడిగి బోర్లించినవి. వాడికి ముందు కనపడే మనిషి నేనే కావాలని అలా చేసింది. అందుకు నేను రుణపడి ఉన్నాను. అలా తప్పుకోగలిగిన మనసు మీద కూడా నాకు అసూయే కలిగింది. ఆవిడ చోటులో నేనుంటే గుమ్మం దాకా కూడా కదిలేదాన్ని కాదు.

ఎండాకాలమంతా వాడు బెంచీ మీదే ఉన్నాడు. ఆగస్టులో ఒకరికి దెబ్బ తగిలితే వీడికి చోటు దొరికింది, నిలబెట్టుకున్నాడు. వదిన అక్కడిదాకా వెళ్ళి ఒక ఆట చూసి వచ్చింది. మోకాలు ఎలా ఉందని ఫోన్ చేసి అడిగాను. "రెండు కాళ్ళ మీదా నిలబడ్డాడమ్మా," అంది. ఆవిడ నాతో అన్న ఆఖరి మాటలవి.

దహనానికి ఆవిడతో పనిచేసిన నర్సులు వచ్చారు. కర్ర పట్టుకుని ఒక ముసలి సర్జన్ వచ్చి, పేషెంటు తల దగ్గర ఆవిడ ఉంటే తాను అటు తిరిగి చూసుకోవలసిన పని ఉండేది కాదన్నాడు. పాత జట్టులోని మిగతా నలుగురు లైన్‌మన్‌లూ వచ్చి, బిగుతు సూట్లలో ఒకే వరుసలో కూర్చున్నారు. వాళ్ళందరికీ ఆవిడ ఆంటీ కాదట, అత్తే. మావాడు ఆ వారం ఆట వదిలేసి వచ్చాడు.

మర్నాడు అస్థికలు కలపడానికి ఒక చిన్న బోటు మాట్లాడుకున్నాం. బోటాయన వాణ్ణి ఎగాదిగా చూసి నడిమధ్య కూర్చోబెట్టాడు. మా ఆయన ఒక పక్క, నేను ఒక పక్క. పొగమంచులో ఒడ్డు కనపడనంత దూరం వెళ్ళాక ఇంజను ఆపాడు. మా ఆయనకు వచ్చిన మంత్రమేదో చదివారు. వాడు ముందుకు వంగి బూడిద నెమ్మదిగా నీళ్ళలోకి వదిలాడు. అది కాసేపు తెల్లగా తేలి, కరిగిపోయింది.

ఒడ్డుకు తిరిగి వస్తున్నాం. వాడి చేతులు రెండూ మోకాళ్ళ మీద వెల్లకిలా తెరుచుకుని ఉన్నాయి, ఇంకా ఏదో పట్టుకోవలసింది ఉన్నట్టు. అవి ఎవరికోసం అలా ఉన్నాయో నాకు తెలుసు. అయినా నా చెయ్యి వాటిలో పెట్టాను. వాడు నీళ్ళవైపు చూస్తూనే వేళ్ళు మూశాడు.