ముందు నీ రిపోర్టు

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేం కాదు, ఆరేళ్ళ కిందట, సూరత్‌లో నా అంత శుభ్రమైన మనిషి లేడని నాకు గట్టి నమ్మకం. ఊరి చివర జోల్వాలో ఒక పవర్‌లూమ్ యూనిట్లో బట్ట చెకింగ్ నా పని. దీపాల బల్ల మీద బట్ట థాను పరిచి, తెగిన పోగు, నూనె మరక ఎక్కడుందో వెతికి సుద్దతో గుర్తు పెట్టాలి. రోజంతా ఇతరుల తప్పులు పట్టుకునేవాడికి తనలోనూ ఏదైనా ఉండొచ్చని తోచదు. (నాకు తోచలేదు. అందరి సంగతీ నేనెందుకు చెప్పాలి?)

యూనిట్ వెనక వీధిలో మా సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒకామె టిఫిన్ సెంటర్ నడిపేది. భర్తతో విడిపోయి నాలుగేళ్ళు. మొదట ఇడ్లీ బాగుందని వెళ్ళేవాణ్ణి. తరవాత ఇడ్లీ ఎలా ఉందో గమనించడం మానేశాను. మాట పెళ్ళి దాకా వచ్చాక, ఫోనులో ఏదో చదివి, "ఇద్దరం హెర్పిస్ పరీక్ష చేయించుకుందాం, అదే, పుండ్లు లేచే అంటురోగం" అన్నాను.

"గదెందుకు? నాకు పుండ్లు లేవు, దురద లేదు."

"ఏమీ కనబడకున్నా లోపల ఉండొచ్చట. ముందు నువ్వు చేయించుకో. నాకు ఈ వారం డ్యూటీ కుదరదు."

"ముందు నేనెందుకు?" అంది, చట్నీ గరిటె చేతిలో పట్టుకుని. నేను మాట మార్చాను. ఆమె జీవితంలో అంతకుముందున్నది ఒక్క భర్త. నా జీవితంలో ఇద్దరు ఆడవాళ్ళు. కానీ మగవాణ్ణి కదా, ఆ ఇద్దరూ నాకు గుర్తు రాలేదు. ఆమెకు చెప్పనూ లేదు.

పాపం, వెళ్ళి రక్తమిచ్చి వచ్చింది. ఏమీ లేదని రిపోర్టు. ఆమె ఎదుటే ప్రతి వరసా వేలు పెట్టి చదివి, "గుడ్" అన్నాను. (అవును, ఆ మాటే అన్నాను.) తరవాత వారం, ఏదో మర్యాద కోసం, నేనూ ఇచ్చాను. నాకు టైప్ వన్ పాజిటివ్ వచ్చింది.

పన్నెండు రోజులు ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. యూనిట్లో నా టీ గ్లాసు నేనే రెండుసార్లు కడుక్కున్నాను. ఆమె ఇడ్లీ పెడితే కడుపునొప్పి అన్నాను. చివరికి సూరత్‌లోనే ఒక తెలుగు చర్మం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను.

"ఎవరు రాశారండీ ఈ పరీక్ష?"

"ఎవరూ రాయలేదండీ. నేనే."

"లక్షణాలు లేనివాళ్ళకి మామూలుగా మేం రాయం. టైప్ వన్ చాలామందిలో ఉంటుంది. చిన్నప్పుడు ఎవరో ముద్దు పెట్టుకున్నా వస్తుంది. ఎప్పుడొచ్చిందో, ఒంట్లో ఎక్కడుందో ఈ కాగితం చెప్పదు. ఒక్కోసారి లేకపోయినా ఉందంటుంది. ఆమెకు చెప్పారా?"

"ఇంకా లేదండీ."

"మరి నా దగ్గరికెందుకొచ్చారు?"

మెట్లు దిగుతూనే అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, చిన్నప్పుడు నన్నెవరెవరు ముద్దు పెట్టుకున్నరు?"

"గదేం ప్రశ్న బిడ్డా? వాడకట్టంత పెట్టుకున్నరు. మస్తు ముద్దుగుండెటోనివి."

నిర్దోషిగా తేలిన ఉత్సాహంతో టిఫిన్ సెంటర్‌కి పరుగెత్తి అంతా చెప్పేశాను. ఆమె కాగితం చూడలేదు.

"ఎన్ని రోజులైంది వచ్చి?"

"పన్నెండు."

"రోగం ఎవరికైన వస్తది. దానికి నాకేం కోపం లేదు. ఒక్కటి చెప్పు. నాకు వచ్చి ఉంటే నువ్వేం జేసేటోనివి?"

నేను కాగితం మడిచి మళ్ళీ చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆమె అది చూసి, "పో సారు, గిరాకీ టైం" అంది. అంతే. ఆ తరవాత ఎన్నిసార్లు వెళ్ళినా ప్లేటు పెట్టింది గానీ మాట కలపలేదు. ఏడాదికి సెంటర్ ఎత్తేసి కిమ్ అనే ఊరి వైపు వెళ్ళిపోయింది.

జవాబు నాకు ఆ క్షణమే తెలుసు. అయ్యో అనేవాణ్ణి, మంచి డాక్టరు నంబరు రాసిచ్చేవాణ్ణి, మర్నాటినుంచి టిఫినుకి ఇంకో వీధికి వెళ్ళేవాణ్ణి. (నంబరు మాత్రం తప్పకుండా ఇచ్చేవాణ్ణి. నేనంత మంచివాణ్ణి.) ఆ మంచివాడు గుర్తొస్తే ఇప్పటికీ ఒక్కణ్ణే నవ్వుకుంటాను. ఎక్కువసేపు నవ్వలేను.