రావు సాబ్ బిజినెస్ క్లాసు

మా ఇంటి ఓనరు కరుణాకర్ రావు గారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఖండాలు దాటే విమానాల్లో కాళ్ళు చాపుకుని పడుకుని పోయే బిజినెస్ క్లాసు సీటు ఎక్కడ సగం ధరకు దొరుకుతుందో వెతకడం. కోరుట్ల బస్టాండు వెనక వీధిలో కూర్చుని, ఏ దేశానికి ఏ నెలలో టికెట్ చవకో చెప్పేవారు. ఆయన మాత్రం విమానం ఎక్కిన పాపాన పోలేదు.

పై పోర్షన్‌లో అద్దెకు దిగిన రోజే నాకీ సంగతి తెలిసింది. నీళ్ళ మోటారు ఎప్పుడు వేస్తారో అడుగుదామని కిందికి వెళ్ళాను.

"గా ముచ్చట తర్వాత చెప్త. రామస్వామి సార్, మీకు లండన్ పోయే పనున్నదా?"

"లేదు రావు సాబ్. జూనియర్ కాలేజీకి పోయే పనున్నది. పిల్లలకు పాఠం చెప్పాలె."

"ఒకవేళ పోతే మాత్రం హైదరాబాద్‌ల ఎక్కకుండ్రి. మామూలు సీట్ల కొలంబో పోవాలె. ఆడికెళ్ళి బిజినెస్ క్లాసు సగానికి సగం తక్కువ."

"కొలంబో నుంచి లండన్ విమానం ఎటు పోతది?"

"మన నెత్తి మీదికెళ్ళే పోతది. అయినా మనం ఈడ ఎక్కొద్దు. ఎక్కితే నష్టం!"

మోటారు సంగతి మరునాడు మళ్ళీ అడగాల్సి వచ్చింది.

ఆయనది మల్లాపూర్ దొరల కుటుంబం. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. భార్య శోభారాణి గారు పోయాక కింది గదులన్నిటిలో ఆయన ఒక్కరే మిగిలారు. ఫోను మోగితే చాలు, అన్నం కలుపుతున్న చేయి ఆగిపోయేది. "ఆగుండ్రి సార్, ఎవరో యాది చేసిండ్రు" అని లేచేవారు. తీరా చూస్తే అది ఏ విమానాల కంపెనీ సందేశమో: ప్రియమైన కరుణాకర్, ఈ వారం మీ కోసమే ప్రత్యేక తగ్గింపు.

"చూసిండ్రా, పేరు పెట్టి పిలిచిండ్రు!" అని నాకు చూపించి మురిసిపోయేవారు. నాకు నవ్వొచ్చేది. మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఆ నవ్వు ఉండేది కాదు.

చవక టికెట్‌కు ఇంకో దారి పాయింట్లు. క్రెడిట్ కార్డు గీకినప్పుడల్లా కొన్ని పాయింట్లు వస్తాయి. అవి కుప్ప అయితే టికెట్ దాదాపు ఉచితం. ఒంటి మనిషి ఖర్చుకు కుప్ప ఎప్పటికయ్యేను? అందుకని ఆయన ఊరి ఖర్చంతా తన కార్డు మీద వేసుకునేవారు. పొద్దున్నే ఎరువుల దుకాణం ముందు కాపు కాసేవారు.

"ఎల్లేశం, ఆగు! పైసలు నాకియ్యి, కార్డు నేను గీకుత."

"యూరియకు గూడ గీకుడేనా దొరా?"

"నీ వరి నీకు, నా పాయింట్లు నాకు."

ట్రాక్టరు టైర్లు, పెళ్ళి చీరలు, కాలేజీ ఫీజులు, ఏదీ వదిలేవారు కాదు. హోటల్ సమ్మయ్య తండ్రి పోతే, దినాలకు సామాను కొనే చోట కూడా ప్రత్యక్షమయ్యారు. సమ్మయ్యను కౌగిలించుకున్నారు, కన్నీళ్ళు పెట్టుకున్నారు, కార్డు గీకారు.

ఇదంతా ఆక్లాండ్ కోసం. అక్కడ ఆయన చెల్లెలు ప్రియదర్శిని ఉంది. సొంత మనిషని చెప్పుకోవడానికి ఆమె ఒక్కతే. ఏటా ఈయన "గీసారి పోతున్న" అని ఊరంతా చెప్పేవారు. ఏటా ఆఖరి వారంలో ప్రయాణం ఆగిపోయేది. ఒక ఏడు నేను కారణం అడిగితే, "సీటు ఎనకకు మొఖం పెట్టి ఉన్నది సార్. వచ్చిన తొవ్వ చూసుకుంట ఎవడన్న పోతడా?" అన్నారు. ఇంకో ఏడు, "పుట్టగొడుగుల కూర పెడ్తరట" అన్నారు.

సమ్మయ్య హోటల్లో అందరూ ఒకే మాట తేల్చారు. దొరకు విమానమంటే భయం.

ఈ ఏడు ఆయన కొత్త సూట్‌కేసు కొని, అందులో చెల్లెలికి సకినాలు కూడా సర్దారు. అప్పుడొచ్చింది మల్లాపూర్ లింగవ్వ, కోడలు సుధను వెంటబెట్టుకుని. నేనూ అక్కడే ఉన్నాను.

"మా భూమేశ్ రుమేనియాల బిల్డింగు మీదికెళ్ళి పడ్డడు దొరా" అని లింగవ్వ గడప మీదే కూలబడింది. "నడుముకు ఆపరేషనైంది. ఇంటికి పొమ్మన్నరు."

"కంపెనీ మామూలు టికెట్టిస్తదట సార్" అంది సుధ. "గంటల కొద్దీ కూసుంటే నడుము మళ్ళ ఖరాబైతదని డాక్టరన్నడు. స్ట్రెచర్ పెట్టాల్నంటే శానా సీట్లు కొనాల్నట. మాతోని ఎట్లయితది?"

"ఎక్కినప్పుడు, దిగేటప్పుడు జర సేపు కూసోగలుగుతడా?"

"గంతసేపైతే కూసోవచ్చన్నరు."

రావు సాబ్ కళ్ళజోడు తుడుచుకుని ఫోను అందుకున్నారు. ఆ రోజు ఆయన గొంతు వినాల్సిందే. "పూర్తిగ చాపుకుంటదా? ఏటవాలు నాకొద్దు. పరుపు లెక్క ఉండాలె!" ఒక కంపెనీలో మొదటి విమానంలో పడుకోవచ్చు, రెండోదాంట్లో కూర్చోవాలి. వద్దన్నారు. ఇంకోదాంట్లో పాయింట్ల మీద ఇచ్చే సీటు లేదు. అన్నం కూడా తినకుండా వెతికి, సాయంత్రానికి రెండు విమానాల్లోనూ హైదరాబాద్ దాకా పడుకుని వచ్చే సీటు పట్టారు.

"గవి ఆక్లాండ్ పాయింట్లు గద రావు సాబ్?" అన్నాను మెల్లగా.

"ఔ."

"మరి చెల్లెలు?"

"నేను కూసోని పోగలుగుత సార్. పిల్లగాడు కూసోలేడు."

ఆ తర్వాత లింగవ్వ వైపు తిరిగి వేలు చూపించారు. "నా పేరు ఎవ్వలకన్న చెప్పినవనుకో, టికెట్ క్యాన్సలైతది. విమానపోళ్ళ రూలు!"

అలాంటి రూలు భూమ్మీద ఎక్కడా లేదు. లింగవ్వ మాత్రం భయంతో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

భూమేశ్ క్షేమంగా ఇల్లు చేరాడు. చూడటానికి ఇద్దరం మల్లాపూర్ వెళ్ళాం. నడుము ఎట్లుందని నేనడిగాను. రావు సాబ్ మంచం పక్కకు కుర్చీ లాక్కుని, "సీటు మెత్తగున్నదా?" అన్నారు.

"మస్తుగున్నది దొరా. దుప్పటి గూడ కప్పిండ్రు."

"కాళ్ళు దేనికన్న తాకినయా?"

"లేదు దొరా."

"దుప్పటి కప్పింది మళ్ళొకసారి చెప్పు."

ఇంటికొచ్చాక ఆ మరుసటి వారమే ఆక్లాండ్ నుంచి నాకు ఫోనొచ్చింది. ప్రియదర్శిని గారు.

"గీసారి అన్న ఏం వంక చెప్పిండు సార్?"

"దిండు చిన్నగున్నదట."

ఆమె చాలాసేపు నవ్వింది. "పుట్టగొడుగుల ఏడు ఎల్లంతకుంట టీచరమ్మ ఆస్ట్రేలియాల ఆపరేషనై, అన్న పాయింట్లతోని విమానంల పండుకోని ఇంటికొచ్చింది. సీటు ఎనకకున్న ఏడు సిరిసిల్ల పిల్ల, కాలిరిగి లండన్‌ల ఉండె. అన్న నాకేం చెప్పలె. టీచరమ్మనే నా నంబరు దొరకబట్టి ఫోన్ చేసింది. పేరు బయటపెడ్తె టికెట్ క్యాన్సలైతదన్నడట గద? ప్రయాణమై ఏడాది దాటింది, ఇప్పుడు చెప్పొచ్చా అని అడిగింది!"

సమ్మయ్య హోటల్లో అందరం తేల్చిన మాట నాకు గుర్తొచ్చింది.

"నాకు బిజినెస్ క్లాసు అన్న వద్దు సార్. ఎట్లనో అట్ల అచ్చే అన్న కావాలె. మామూలు సీటు కొన్న. వాపసు లేదు. జర మీరు ఎక్కియ్యాలె."

ఈ మాట చెబితే రావు సాబ్ తల పట్టుకుని సోఫాలో కూలిపోయారు. ప్రయాణానికి కాదు.

"పూర్తి ధరకు కొన్నదా? తగ్గింపు లేకుంటనా? ఊర్ల నా మొఖమెట్ల చూపియ్యాలె సార్?"

డబ్బు వృథా అవుతుందన్న బాధతోనే బయలుదేరారు. సమ్మయ్య హోటల్ మూసి మరీ విమానాశ్రయం దాకా కారులో వచ్చాడు. దారిలో పెట్రోలు పోయిస్తే, కార్డు గీకింది మాత్రం రావు సాబే.

మర్నాడు ఆక్లాండ్ నుంచి ఫోను చేశారు.

"ప్రయాణం ఎట్లయింది రావు సాబ్?"

"నడిమి సీటు సార్. ఒక దిక్కు ఒక ఇంజినీరు. టికెట్ ఎంతకు కొన్నవని అడిగిన. పాపం, మోసపోయిండు. కొలంబో సంగతి సమజు చేసిన."

"ఎంతసేపు?"

"ఆయన నిద్రపోయేదాక. ఇంకో దిక్కు ఒక పంజాబీ పెద్దామె. బాస రాదు. తిన్నంక నా భుజం మీద తల పెట్టి పండుకున్నది."

"లేపకపోయిండ్రా?"

"ఎట్ల లేపుత సార్? విమానం దిగేదాక నేను కదలలె. భుజం ఇంక గుంజుతనే ఉన్నది" అన్నారు రావు సాబ్, ఊళ్ళో ఎవరికీ దొరకనిదేదో తనకు దొరికినంత గొప్పగా.