వైశాఖంలో ఆగిన బాయిలరు

మా ఊరి కరెంటు కంపెనీ మొదట బియ్యం మిల్లులోలాంటి ఆవిరి ఇంజనుతోనే దీపాలు వెలిగించింది. ఇంజను బెల్టు తిరిగితే డైనమో తిరిగేది. యుద్ధకాలంలో బొగ్గు పడవలు రాక, ఊకతోనూ కొబ్బరి డొక్కలతోనూ పొయ్యి మండించారు. యుద్ధం ముగిశాక ఒక పాత టర్బైను, దానికి తగినట్టు ఎక్కువ ఒత్తిడి పుట్టించే బాయిలరు వచ్చాయి. కాకినాడ కాలేజీలో డిబేటింగు పోటీలలో ఆరితేరి వచ్చిన నేను అప్పుడే అక్కడ ఉద్యోగంలో చేరాను.

కొత్త బాయిలరుకు మంచినీరు కావాలి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తే మాకు ఉప్పునూతులే దిక్కు. ఆ నీరు గొట్టాల లోపల పెచ్చు కట్టేది. పెచ్చు ముదిరి గొట్టం పగిలితే, ఎదురుగా నిలబడి పొయ్యి ఎగదోసేవారి ప్రాణాలకే ముప్పు. వెంటనే బాయిలరు ఆపి శుభ్రం చేయించాలన్నాను.

"వైశాఖమండీ, ఊరంతా పెళ్లిళ్లు. మీ చెల్లెమ్మగారిదీ ఈ వారమే కదండీ?" అన్నారు మేనేజరుగారు.

"ఆయ్. అందుకే నేనే అడగాలండీ. మా పందిట్లో వెలుగు కోసం ఇంకొకరు చావుకి ఎదురుగా నిలబడాలా?"

నేను చాలాసేపు వాదించాక మేనేజరుగారు ఆపించారు.

"మగపెళ్లివారికి కరెంటు దీపాలని గొప్పగా చెప్పేను. కాలేజీలో అందర్నీ ఓడించింది చాల్లేదా? నన్ను కూడా ఓడించాలా?" అన్నారు నాన్నగారు. ఆపైన నాతో మాట్లాడలేదు.

పెళ్లి గ్యాసు లైట్ల కింద జరిగింది. భోజనాల బంతిలో నా పక్కన నాన్నగారికి వేసిన విస్తరి ఖాళీగానే ఉండిపోయింది. మర్నాడు చల్లారిన బాయిలరు మూత తీస్తే, కొబ్బరిచిప్పంత మందాన పెచ్చు ఊడివచ్చింది. ఒక ముక్క పట్టుకొని బస్సెక్కి, చెల్లెలిని సాగనంపుతున్న సఖినేటిపల్లి రేవుకు పరుగెత్తాను.

నాన్నగారు దానివైపు చూడక, గోదావరి వైపు తిరిగారు. చెల్లెలు పడవలోంచి చెయ్యి చాపింది.

"ఇలా ఇయ్యి అన్నయ్యా. 'మీ అన్నగారు పెళ్లికి అమావాస్య తెచ్చేరు' అని మా ఆడపడుచులు ఒకటే నవ్వులు. మళ్లీ అంటే ఇది చూపిస్తాను."

ముక్కను కొంగున ముడి వేసుకొంది. పడవ నరసాపురం వైపు సాగిపోయింది. తిరుగు బస్సులో నాన్నగారు ముందు కూర్చున్నారు, నేను వెనక.

కొన్నేళ్లకు ఎక్కడో కొండలలో పుట్టిన జలవిద్యుత్తు తీగల మీద మా ఊరికి వచ్చింది. బాయిలరు శాశ్వతంగా చల్లారింది. ఇప్పుడు వైశాఖంలోనూ దీపాలు ఆగవు. వాటి కింద నాన్నగారూ నేనూ రోజూ కూర్చుంటాము. ఆ పెళ్లి ప్రసక్తి ఆయన ఎత్తరు. నాకున్న ఒక్క సాక్ష్యమూ నరసాపురంలో చెల్లెలి దగ్గర ఉంది.