ఆగి పడే దెబ్బ

మా డ్రమ్మర్ అంకుల్ పోయారని మొన్న శనివారం పొద్దున ఆంటీ ఫోన్ చేశారు. "కాఫీ తాగుతూ తాగుతూనే కూలిపోయారు బాబూ," అన్నారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. వచ్చే వారం షో పెట్టుకుని ఎవరైనా పోతారా?

ఆయనది కాకినాడ. ఇక్కడ కెనడాలో, కాల్గరీ ఊళ్ళో ఆయిల్ కంపెనీ ఇంజనీరుగా రిటైరయ్యారు. నేను ఐటీ ఉద్యోగం చేస్తూ ఫిడేలు వాయిస్తాను. మిగతా ఇద్దరూ ఇక్కడే పుట్టిన అక్కాతమ్ముళ్ళు. అక్క పాడుతుంది, తమ్ముడిది గిటారు. అందరం కలిసి అమెరికా పల్లెపాటలు వాయించే ఒక కంట్రీ బ్యాండ్.

కంట్రీ పాటలోకి నల్లవాళ్ళ రిథమ్ అండ్ బ్లూస్ తాళం తేవాలన్న పిచ్చి అంకుల్‌దే. "గుర్రాల్లా ఆ పరుగేవిట్రా? దెబ్బ కాస్త ఆగి పడాలి. చెంపదెబ్బ కొట్టేవాడు చెయ్యెత్తి ఆగుతాడు చూడు, మజా అంతా అక్కడే ఉంది," అనేవారు. తన బేస్‌మెంట్‌లో వాయిద్యాలు కింద పెట్టించి మాచేత చప్పట్లు కొట్టించేవారు. తొందరపడ్డవాడి వీపు మోగేది. ఎక్కువగా నాదే, అదీ నలభై దాటిన వీపు! ఆంటీ పెసరట్లు తెస్తే మాత్రం, "ముందు తినండెహే, తర్వాత తంతాను," అనేవారు.

ఊళ్ళో రోడియో అనే గుర్రపుస్వారీ పోటీలు జరిగే రోజుల్లో ఒక బార్‌లో మొదటిసారి ఆ ప్రయోగం చేశాం. బూట్లు, టోపీలతో వరసగా నిలబడి అందరూ ఒకేసారి అడుగేసే లైన్ డాన్సు అక్కడి అలవాటు. పాట మధ్యలో మేం దెబ్బ మార్చాం. ఆ అడుగులన్నీ మా దెబ్బనే నమ్ముకున్నాయన్న ఇంగితం మా బుర్రలకు తట్టలేదు. వరస వరసంతా ఒకరిమీద ఒకరు పడ్డారు. ఒకడి మూతి పగిలింది. పక్కవాడే తోశాడనుకుని వాణ్ణి గుద్దాడు. ఇక సీసాలు లేచాయి. ఎవడో విసిరిన స్టూలు అంకుల్ కుడి మణికట్టుకు తగిలింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆయన బూతులు తిడుతూ ఎడం చేత్తో ఆ పాట పూర్తి చేశారు.

ఆస్పత్రిలో మేం ముగ్గురం ఆయన మంచం చుట్టూ చేరి, బుద్ధిగా పాత పద్ధతికే పోదామన్నాం. అంకుల్ కట్టు కట్టిన చేతినే మంచం కమ్మీకేసి కొట్టారు.

"విరిగింది నా చెయ్యి, నొప్పి మీకేవిట్రా? తన్నులు తిన్నాక దారి మారిస్తే ఆ తన్నులు దండగ!"

ఆ చెయ్యి మళ్ళీ మునుపటిలా రాలేదు. ఎడం చేత్తోనే తక్కువ దెబ్బలతో వాయించేవారు. నెమ్మదిగా జనం కూడా ఆగి అడుగెయ్యడం మరిగారు. తిట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారనుకోండి. కానీ నా ఫిడేలుకు గొంతంటూ వచ్చింది ఆయన తన్నుల వల్లే, ఆ రుణం తీరేది కాదు.

అంత్యక్రియల హాల్లో మూత తెరిచి ఉంచిన ఆయన పెట్టె పక్కన నిలబడి పాత కంట్రీ పాట మెత్తగా ఎత్తుకున్నాం. డ్రమ్ములు లేకుండా ఆ కొత్త పద్ధతి మావల్ల కాదని లోలోపల తీర్మానించుకున్నాం కూడా.

ఆంటీ లేచి మా ముందుకొచ్చారు. "ఆయన చెయ్యి విరగ్గొట్టుకుంది ఈ జోలపాటకా? సరిగ్గా వాయించండి, లేదా బయటికి పొండి!"

తమ్ముడు గిటారు చెక్కమీద అరచేత్తో ఫెడీమని కొట్టాడు, ఆగి. అక్క గొంతు చించుకుంది. నేను కమానును ఎంత గట్టిగా లాగానంటే దానికి కట్టిన గుర్రపు వెంట్రుకలు తెగి ఎగిరిపోయాయి. ఆపలేదు. పాటయ్యాక చూస్తే ఆ తెల్లటి పోగులు అంకుల్ చొక్కా మీద, వంకరపోయిన ఆ మణికట్టు మీద పడి ఉన్నాయి. తియ్యబోతే ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపారు. వాటితో సహా పెట్టె మూత వేశారు.